అన్న తిప్పిన నీళ్లు

ఆ మోటరు ఆపమని సారు ఎన్నిసార్లు చెప్పినా నేను ఆపలే. మాది మానుకోట దిక్కు తండా. నోటి దురుసు నాకు పుట్టుకతోనే వచ్చింది. కరెంటు బిల్లు మీ జేబులకెళ్లి కడుతున్నరా సార్ అని మొఖం మీదనే అడిగిన. ఎందుకు ఆపుతలేనో ఆయనకూ తెలుసు.

మా యూనివర్సిటీ ల్యాబుల ఉన్నది ఒకటే మిషిను. ఒకదాంట్ల ఒకటి పెట్టిన రెండు డ్రమ్ములు, నడుమ జానెడు సందుల నీళ్లు. మోటరు వేస్తే లోపలి డ్రమ్ము జోరుగ, బయటిది నిమ్మలంగ తిరుగుతయి. కొత్తగ పుట్టే నక్షత్రం చుట్టు గ్యాసు గూడ గిట్లనే తిరుగుతది, దగ్గరిది జోరు, దూరంది నిదానం. ఆ తిరుగుడు తగ్గితేనే గద గ్యాసు నక్షత్రంల పడేది? తగ్గాల్నంటే లోపల అల్లకల్లోలం కావాలె. మా నీళ్లల్ల అది పుడుతదా లేదా అన్నదే పరీక్ష. ఎంత కదిలించినా నీళ్లు జరసేపటికి నిమ్మలమై మూగనోము పట్టేటియి. నాకు కోపం నషాళానికెక్కేది. నాతోని పనిచేసే అన్న చూసి నవ్వేటోడు. నాకంటె సీనియర్, తరిగొప్పుల దిక్కు రైతు ఇంటి పోరడు.

తెలంగాణ కోసం ఊరూరా కొట్లాడుతున్న రోజులవి. ఒక బంద్ నాడు స్టేషన్ ఘన్‌పూర్ కాడ రోడ్డు మీద వంటావార్పు అంటే అన్న ఇగ ఆగుతడా. పొద్దుగాల మోటరు తిప్పి, "ఆపకు, నేనొచ్చినంక కొలుద్దం" అని దోస్తు బండెక్కిండు. రోడ్డు మీద అందరితోని బువ్వ తిని మర్లొస్తుంటే లారీ గుద్దింది. దవాఖానకు తీస్కపోయేలోపే పానం పోయింది.

మోటరు ఆపితే అన్న నిజంగ పోయినట్టే అనిపించింది నాకు. గంతే. ఆ రొదల అన్న దగ్గినట్టు వినపడేది. ఏందన్నా అని తలెత్తేదాన్ని. తలుపు కాడ ఎవ్వరుండకపోయేది. భయమయ్యేది, అయినా రోజూ పోయి ఆడనే కూసునేదాన్ని.

దినాలైనంక హాస్టల్ల ఉన్న అన్న బట్టలు తీస్కపోదామని ఆయనను కన్న అవ్వ వచ్చింది, ల్యాబు గూడ చూస్తనన్నది. మిషిను చూసి ఏందని అడిగింది. అన్న తిప్పి, తనొచ్చేదాంక ఆపొద్దని పోయిండని చెప్పిన.

"ఆపు బిడ్డా. వాడు రాడు."

స్విచ్చు బంద్ చేసిన. డ్రమ్ములు రెండూ ఆగినయి. అయిపోయిందనుకున్న. అవ్వ డ్రమ్ముల పైనుంచి సందుల చెయ్యి పెట్టింది. నీళ్లు ఇంక తిరుగుతనే ఉన్నయి, ఆమె వేళ్లను నెట్టుకుంట పోతున్నయి. డ్రమ్ము ఆగినా నీళ్లు వెంటనే ఆగవని నాకు తెలుసు. అవి నిలిచేదాంక ఆమె చెయ్యి తియ్యలే.

తీసినంక చూస్తే చెయ్యంత తెల్లగ మెరుస్తున్నది. నీళ్లు ఎటు పోతున్నయో కంటికి కనపడాల్నని అన్న కలిపిన అల్యూమినియం పొడి అది. గదే చెప్పి, నల్లా కాడికి తీస్కపోయి కడుక్కోమన్న.

"నా కొడుకు కలిపిందే గద," అన్నది. ఆ చెయ్యి దేనికీ తగలనియ్యకుంటనే జనగామ బస్సెక్కింది.