యాభై అయిదు కిలోల లోపు

దుర్గాదేవిది నందివాడ. బందరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పుతుంది. ఆడపిల్లల కబడ్డీ జట్టుకు మొదటి ఐదేళ్ళలోనే మూడు కప్పులు తెచ్చిపెట్టిన మనిషి. ఓటమి అంటే ఆమెకు ఒళ్ళు మంట.

మూడేళ్ళ కిందట గుడివాడలో పోటీలు జరిగాయి. చిన్నవాళ్ళ జట్టులో ఆడాలంటే బరువు యాభై అయిదు కిలోలు దాటకూడదు. కూతకు వెళ్తే పాయింటు లేకుండా తిరిగిరాని భవిత, యాభై ఏడున్నర తూగింది. గిలకలదిండిలో చేపలమ్మే రేవతి కూతురు ఆ పిల్ల. దుర్గాదేవి నాలుగు రోజులు అన్నం మాన్పించింది. రెండు స్వెట్టర్లు తొడిగించి ఎండలో పరుగెత్తించింది. చివరి రోజు మంచినీళ్ళూ ఇవ్వలేదు.

"ఒక్క రోజు ఓర్చుకో. కప్పు మనదే," అంది.

భవిత సరిగ్గా యాభై అయిదు తూగింది. కాటా దిగి రెండడుగులు వేసి కుప్పకూలింది.

జట్టు ఆటకు వెళ్ళింది, దుర్గాదేవి ఆసుపత్రికి వెళ్ళింది. సెలైన్ ఎక్కుతుండగా భవిత కళ్ళు తెరిచి, "మేడం, ఇప్పుడు నీళ్ళు తాగొచ్చా?" అని అడిగింది. ఆ సాయంత్రం, భవిత ఆడకుండానే, జట్టు నాలుగో కప్పు గెలిచింది.

స్కూలువాళ్ళు రేవతికి వడదెబ్బ అని చెప్పారు. మర్నాడు దుర్గాదేవి తనే గిలకలదిండి వెళ్ళింది.

"వడదెబ్బ కాదండీ. తిండీ నీళ్ళూ ఆపింది నేనే."

రేవతి చేతిలో చేప పక్కన పెట్టింది. "అన్నం తినవేంటే అంటే మేడం వద్దన్నారంది. చదువుకున్నోరు, మంచికే చెప్పుంటారనుకున్నానండీ."

తిట్టినా అంత తగిలేది కాదు. "మళ్ళీ పంపుతారా?" అని అడిగింది దుర్గాదేవి.

"దాన్ని అడగండి. ఆడతానంటే ఆడించండి. కడుపు మాత్రం మాడ్చొద్దు."

భవిత ఆడతానంది. మరుసటి ఏడు ఆ పిల్ల తన బరువుతోనే పెద్ద జట్టులో ఆడుతుందని దుర్గాదేవి స్కూలు కరస్పాండెంట్ గోవర్ధనరావుకు చెప్పేసింది.

"కప్పు పోతే?"

"పోనివ్వండి సార్. మళ్ళీ తెస్తాను, ఎవర్నీ పస్తు పెట్టకుండా."

ఆ ఏడు సెమీఫైనల్లో రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. కోచ్‌ను మార్చేస్తానని గోవర్ధనరావు రెండు నెలలు గొణిగాడు, మార్చలేదు. పద్నాలుగు మంది ఉండే గ్రౌండుకు ఇప్పుడు నలభై మంది వస్తున్నారు. కప్పు ఇంకా రాలేదు. వస్తుందనే ఆమె ధీమా.

మొన్నటి పోటీల్లో పెదపారుపూడి కోచ్ అభిషేక్ పక్కన, బరువు తూచే వరుసలో, ఒక పిల్ల పెదాలు ఎండిపోయి నిలబడి ఉంది. దుర్గాదేవి నేరుగా అతని దగ్గరికి వెళ్ళింది.

"ఈ పిల్ల నిన్నట్నుంచి నీళ్ళు తాగలేదు కదూ?"

"మీకేం మేడం, నాలుగు కప్పులు కొట్టేశారు, ఎన్నైనా చెప్తారు."

"కొట్టాను కాబట్టే చెప్తున్నా బాబూ. నాలుగోది తలుచుకుంటే ఇప్పటికీ ముద్ద దిగదు."

కాసేపటికి అభిషేక్ ఆ పిల్లను వరుసలోంచి ఇవతలికి పిలిచాడు.