అందరికీ అందిన కబురు

సైన్యంలో మా ఆయన పని సిగ్నల్స్‌లో. వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని కబుర్లు అందుకోవడం, పంపడం. సెలవుకి వచ్చినప్పుడల్లా ఆ గొప్పలే.

"అర్జెంటు కబురొస్తే లైన్లో మిగతావాళ్ళంతా నోరు మూసుకోవాలి. ఎవరు కదలాలో వాళ్ళకే ముందు చెప్పాలి, ఊరికే తెలిస్తే చాలనుకునేవాళ్ళకి తర్వాత. అవతలివాడు 'అందింది' అనేదాకా పంపినట్టే కాదు" అనేవారు. అబ్బో, పెద్ద బ్రహ్మవిద్య అని వెక్కిరించేదాన్ని.

నాంపల్లిలో మేం కిరాయికున్న మేడ కింది వాటాలో ఇంటి ఓనరు ఉండేవాడు. ఆబిడ్స్‌లో మేం వెళ్ళే చర్చికి సంఘపెద్ద. తొంభైల్లో ఆ సందు మొత్తానికీ ఒక్కటే ఫోను, ఆయనది. ఎవరికి ఫోనొచ్చినా ఆయన కేకేస్తే పరిగెత్తాలి. దానికి అల్లికల గుడ్డ కప్పి, సాక్షాత్తూ దేవుడే తనకి అప్పగించినట్టు మురిసిపోయేవాడు.

ఒక బుధవారం మిలిటరీ ఆసుపత్రి నుంచి మా ఆయనే ఫోన్ చేశారు. సరిహద్దులో పేలుడికి చెవులు దెబ్బతిన్నాయి. ఒకటి పూర్తిగా పోయింది, కొద్దిగా వినిపిస్తున్న రెండోది ఆపరేషన్ చేసినా దక్కుతుందో లేదో. "ఇప్పుడు లైను ఎక్కువసేపు ఇవ్వరు. శుక్రవారం సాయంత్రం మళ్ళీ చేస్తాను, మా ఆవిడని దగ్గరుంచండి. ఆపరేషన్‌కి ముందు ఒక్కసారి తన గొంతు వినాలి" అని ఓనరుకి చెప్పారు.

నేను మేడమీదే ఉన్నాను. మెట్లెక్కితే చాలు.

పెద్దమనిషి ఎక్కలేదు. చెడు కబురు పాస్టరుగారి నోటే చెప్పించడం ఆ సంఘంలో మర్యాదట. ఆయనేమో మెదక్‌లో ప్రార్థన కూటాలకి వెళ్ళారు. ఈలోగా ఓనరు భార్యకి చెప్పాడు, ఆవిడ స్త్రీల సమాజానికి చెప్పింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. మొజంజాహీ మార్కెట్లో చర్చి ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని కళ్ళు ఒత్తుకున్నారు. ఒంటరిగా ఉంటున్నానని జాలి కాబోలనుకున్నాను, పిచ్చిదాన్ని.

శుక్రవారం అన్నట్టే ఫోను మోగింది. పైన వంకాయలు తరుగుతున్నాను. ఓనరు నన్ను పిలవలేదు. ఎలా పిలుస్తాడు, పాస్టరుగారు ఇంకా చెప్పలేదుగా! "ఆమె ఇంట్ల లేదు నాయనా, ఫికర్ చెయ్యకు" అని, ఫోన్లోనే కళ్ళు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నాడట. లైను తెగేదాకా చేశాడట. ఆపరేషన్ ఫలించలేదు. మా ఆయన చెవిన చివరగా పడిన తెలిసిన గొంతు ఆ దౌర్భాగ్యుడిది.

ఆదివారం పాస్టరుగారు తిన్నగా ఆరాధనకే వచ్చి ప్రార్థన మనవులు చెప్పారు. ఎవరివో మోకాళ్ళ నొప్పులకీ, ఎవరివో పరీక్షలకీ మధ్య మా ఆయన పేరు వినిపించింది. చర్చిలో ఒక్కరూ ఉలిక్కిపడలేదు.

ఓనరుని నిలదీశాను. "నీకు చెప్తే ఆగమైతవని, బిడ్డా. గందుకే ముందుగాల ప్రార్థన పెట్టించినం. నీ మంచికే గదా!" అన్నాడు, చేతులు కట్టుకుని, మెప్పుకోసం ఎదురుచూస్తూ. చీ, ఆ మంచితనం తగలెయ్య!

మా ఆయన ఇంటికొచ్చాక మొదట అడిగింది అదే. "ఆ శుక్రవారం ఎక్కడికెళ్ళావు?"

చెప్పాను. ఏడుస్తూ, అరుస్తూ, గుక్కతిప్పుకోకుండా మొత్తం చెప్పాను. ఆయన నా నోటివంకే చూస్తూ ఉండిపోయారు. తర్వాత నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకున్నారు.

"మెల్లగా చెప్పు. పెదాలు అందట్లేదు."