మురుగు కాలువ తలుపుల మీద అభ్యర్థుల విధానం

ఆ ఏడు నారుమడి రెండోసారి కూడా ఎర్రబడి చచ్చిపోయాక మా బావగారు నాకు ఫోన్ చేశారు. బావగారంటే మా అక్కయ్య భర్త. దివిసీమలో, హంసలదీవి వెళ్లే దారిలో ఉంటుంది వాళ్ల ఊరు. నేను బందరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెబుతాను. మామూలుగా ఆయన ఫోన్ చేస్తే ముందు మరదలిని కాసేపు ఆటపట్టించి గానీ అసలు విషయంలోకి రారు. ఆ రోజు అదేమీ లేదు.

“అమ్మాయ్, జెడ్పీటీసీ ఎలక్షన్లు వస్తున్నాయిగా. ఇద్దరూ ఓట్లకొస్తారు. వాళ్ల చేత తలుపుల సంగతి తేల్పించాలి. నువ్వు రావాలి” అన్నారు.

తలుపులంటే ఇంటి తలుపులు కావు. పొలాల్లో మిగిలిన నీళ్లన్నీ మురుగు కాలువలో పడి సముద్రంలోకి పోతాయి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఉప్పునీళ్లు కాలువలోకి ఎదురెక్కకుండా కాలువ చివర ఎప్పుడో ఇనుప తలుపులు పెట్టారు. అవి తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. ఒకటి సగం దిగి అక్కడే ఇరుక్కుపోయింది. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పు ఊరి దాకా వస్తుంది. నాలుగు రోజులు ఎండ కాసిందంటే మడిలో తెల్లగా పేలుతుంది.

“నేనెందుకు బావగారూ? మీరే అడగొచ్చుగా.”

“మేం అడిగితే పక్క పార్టీ వాడంటారు. నువ్వు పిల్లలకు చెప్తావుగా, అభ్యర్థులు తమ విధానాలు ఓటర్ల ముందు పెట్టాలని. మా ముందు కూడా పెట్టించు.”

నాకు నవ్వొచ్చింది. మీటింగు అయ్యాక మాత్రం చాలా రోజులు నవ్వు రాలేదు.

ఇద్దరు అభ్యర్థులకూ నేనే ఫోన్ చేశాను. ఒకరు అధికార పార్టీ, ఇంకొకరు ప్రతిపక్షం. ఒకే వేదిక, ఒకే విషయం, తలుపులు తప్ప మరో మాట వద్దని ఇద్దరికీ విడివిడిగా చెప్పాను. ఇద్దరూ “తప్పకుండా మేడమ్, చాలా మంచి ఆలోచన” అన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఆదివారం ఉదయం పులిగడ్డ అక్విడక్టు దాటి, బస్సు దిగి, ఆటో ఎక్కి వెళ్లాను. తుఫాను షెల్టరులో కుర్చీలు వేయించారు బావగారు. జనం బాగానే వచ్చారు. ఆడవాళ్లు ముందు కూర్చున్నారు. అభ్యర్థులు మాత్రం రాలేదు. ఎండ నడినెత్తికి వస్తుండగా పాటలు పెట్టుకుని ఒక బండి వచ్చింది. దాని వెనకే ఇంకో పాట పెట్టుకుని ఇంకో బండి వచ్చింది. రెండు పాటలూ ఆపించడానికే కొంతసేపు పట్టింది. మైకు అధికార పార్టీ బండిదే. ఇంకెవరి దగ్గరా లేదు.

ముందు అధికార పార్టీ ఆయన మాట్లాడారు. పింఛన్లు చెప్పారు, రోడ్లు చెప్పారు, గుడికి వేయించిన రేకులు చెప్పారు, వాళ్ల నాయకుడు పొద్దున్నే ఎన్నింటికి లేస్తాడో చెప్పారు. నేను లేచి నిలబడ్డాను.

“ఏమనుకోకండి. తలుపుల సంగతి చెప్తానన్నారు.”

ఆయన తడుముకోలేదు. “తలుపులా మేడమ్? పేదవాడి కోసం మా ప్రభుత్వం తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి!”

వెనక నుంచి ఆయన మనుషులు చప్పట్లు కొట్టారు. వాళ్లను చూసి మిగతా వాళ్లూ కొట్టారు. మా బావగారు లేచారు.

“అదేనండీ మా బాధ. తెరిచే ఉంటున్నాయి. కాస్త మూయించండి.”

జనం గొల్లుమన్నారు. ఆయన కూడా నవ్వి, ఆ నవ్వులోనే మైకు అవతలాయన చేతికిచ్చి కూర్చున్నారు. అంతే. ఆయన విధానం అక్కడితో అయిపోయింది.

ప్రతిపక్షం ఆయన మొదటి మాటే తలుపుల మీద ఎత్తుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తలుపులు ఎవరి హయాంలో పాడయ్యాయో చెప్పారు, బాగు చెయ్యని వాళ్లకు సిగ్గుందా అని అడిగారు, రైతు కన్నీరు అన్నారు. గొంతు కూడా బొంగురు చేశారు. తలుపులు ఎలా బాగు చేయిస్తారో మాత్రం ఎంతకీ రాలేదు.

“మరి మీరు గెలిస్తే ఏం చేస్తారండీ? మీ విధానం ఏమిటి?” అన్నాను.

“విధానం ఏముంది మేడమ్, వీళ్లను ఓడించడమే మా విధానం.”

మళ్లీ చప్పట్లు. ఈసారి అవతలి వైపు నుంచి. నా చేతిలో ఉన్న నీళ్ల సీసా గట్టిగా పట్టుకున్నాను. తరగతిలో పిల్లాడు ఇలాంటి జవాబు రాస్తే సున్నా వేసి ఊరుకుంటాను. ఇక్కడ ఆయనకు ఎవరో దండ కూడా వేశారు.

“ఓడించాక?” అన్నాను పట్టు విడవకుండా. “మర్నాడు పొద్దున్న లేచి ఆ తలుపులకు ఏం చేస్తారు? బాగు చేయిస్తారా, మారుస్తారా? పైవాళ్లను అడుగుతారా? ఎవరిని అడుగుతారు?”

ఆయన దండ సర్దుకుంటుండగా వెనక వరసలోంచి ఒకరు లేచారు. మా బావగారి సొంత తమ్ముడు. అన్నదమ్ములవి పక్కపక్క ఇళ్లు, మధ్యలో గోడ. తమ్ముడు కొన్నేళ్ల కిందట వరి మానేసి, తన వాటా పొలం తవ్వించి రొయ్యల చెరువులు వేశాడు.

“అన్నయ్యా, తలుపులు బిగించేస్తే నా చెరువులకు ఉప్పునీళ్లు ఎక్కణ్ణుంచి పెట్టను? బిందెలతో మొయ్యనా?”

ఆయనకు చెరువులున్నాయని నాకు తెలుసు. ఆ చెరువుల నీళ్లు ఆ చిల్లుల్లోంచే వస్తాయని నాకు తట్టలేదు, బావగారు చెప్పలేదు. ఊళ్లో మాత్రం అందరికీ తెలుసు. అభ్యర్థులిద్దరికీ తెలుసు. వాళ్ల మొహాలు చూస్తే నాకప్పుడు అర్థమైంది. మూయిస్తామంటే చెరువుల ఓట్లు పోతాయి, మూయించబోమంటే వరి ఓట్లు పోతాయి.

“నీ చెరువుల కోసం నా మడి చావాలట్రా?” అన్నారు బావగారు.

“సముద్రం నేను తవ్వానా? నన్నంటావేం?”

“నోటికి ఎంత మాట వస్తే అంత మాటేనా!”

ఇద్దరికీ చెరో పక్కనా జనం లేచారు. కుర్చీలు పడ్డాయి. ముందు కూర్చున్న ఆడవాళ్లు కొంగులు సర్దుకుని గోడవారకు జరిగారు. అక్కయ్య బావగారి చెయ్యి పట్టుకుని లాగుతోంది. నాకు భయం వేసింది గానీ, ఎక్కడో చిన్న ఆశ కూడా కలిగింది. అసలు విషయం ఇప్పుడు బయటపడింది కదా, ఇక ఇద్దరూ ఏదో ఒకటి చెప్పక తప్పదనుకున్నాను.

అధికార పార్టీ ఆయన రెండు చేతులూ ఎత్తి, “చూశారా మేడమ్, ఇది అన్నదమ్ముల మధ్య సంగతి. ఇందులో మేం తల దూర్చకూడదు” అన్నారు.

“అవునండీ, ఇంట్లో కూర్చుని సర్దుకోవాలి. పెద్దాయనే కాస్త తగ్గాలి” అన్నారు ప్రతిపక్షం ఆయన. వచ్చినప్పటి నుంచీ ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆ ఇద్దరూ మొదటిసారి ఏకాభిప్రాయానికి వచ్చారు.

“ఇది అన్నదమ్ముల సంగతి కాదండీ!” అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. “ఊళ్లో సగం వరి, సగం చెరువులు. తలుపులు ఎప్పుడు మూయాలి, ఎప్పుడు తియ్యాలి, ఎవరు చూసుకోవాలి, అది చెప్పమనే కదా మిమ్మల్ని పిలిచింది!”

నా మాట సగంలో ఉండగానే బండి మనిషి వచ్చి మైకు వైరు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. “సారీ మేడమ్, పక్కూళ్లో టైమిచ్చామండీ” అన్నాడు. రెండు బండ్లూ ఒకదాని వెనక ఒకటి, మళ్లీ పాటలు పెట్టుకుని వెళ్లిపోయాయి.

ఆ మధ్యాహ్నం అక్కయ్య అన్నం వడ్డిస్తూ నా మీదే విరుచుకుపడింది. “మీటింగు మీది. రేపట్నుంచి గోడకు ఇటూ అటూ మాటలు మొయ్యడం నాది.” అన్నట్టే అయింది. అన్నదమ్ములు మాటలు మానేశారు. ఆవు దూడను వేసిందన్న కబురు కూడా అక్కయ్యే గోడ మీదుగా చెప్పవలసి వచ్చింది.

ఓడించడమే మా విధానమన్న ఆయన గెలిచారు. ఫలితాల రోజుతోనే ఆ విధానం పూర్తిగా అమలైపోయింది. కొన్నాళ్లకు బావగారు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపారు. కాలువ తలుపులకు గెలిచిన పార్టీ రంగులు వేశారు. ముందు నిలబడి ఫోటోలు దిగారట. నేను వెంటనే ఫోన్ చేశాను.

“చిల్లులు పూడ్చారా?”

“లేదు. చిల్లుల చుట్టూ కూడా నీటుగా రంగేశారు” అన్నారు.

తర్వాత అన్నదమ్ముల్ని కలిపింది ఏ పార్టీ కాదు, వాన. అల్పపీడనం పట్టి వదలకుండా కురిస్తే, సగంలో ఇరుక్కున్న ఆ తలుపు దగ్గర నీళ్లన్నీ తన్నుకుని నిలిచిపోయాయి. వరి మునిగింది, చెరువుల గట్లు తెగి రొయ్యలు కాలువలో కలిసిపోయాయి. తమ్ముడు గోడ దాటి వచ్చి, “అన్నయ్యా, తలుపు పైకి లాగడానికి గొలుసు బ్లాకు తెప్పించాను, వస్తావా?” అన్నాడట. బావగారు చొక్కా కూడా వేసుకోకుండా వెళ్లారని అక్కయ్య చెప్పింది. ఊరివాళ్లంతా కలిసి ఆ తలుపు పైకి లాగారు. తర్వాత తలుపుల ముందు చెక్క పలకలు దించుకునేలా ఏర్పాటు చేసుకున్నారు. నారు పోసే రోజుల్లో పలకలు దించాలి, నాట్లు కుదురుకున్నాక చెరువుల కోసం ఎత్తాలి. అదీ ఒప్పందం. ప్రతి అమావాస్య పోటుకీ దాని మీద ఒక గొడవ ఉంటుంది. కాలువ పక్క మడి ఇప్పటికీ చౌడే. మిగతా చేను మాత్రం నిరుడు పండింది.

మొన్న గుడివాడలో ఒక పెళ్లికి వెళితే, భోజనాల బంతిలో నా పక్క కుర్చీలో గెలిచిన ఆయన కూర్చున్నారు. నన్ను గుర్తుపట్టి సంతోషంగా, “మీ వాళ్ల ఊళ్లో తలుపుల సమస్య తీర్చేశాం కదా మేడమ్!” అన్నారు.

నేను ముద్ద విస్తట్లో పెట్టేశాను. చిల్లుల దగ్గర మొదలుపెట్టి, రంగు, వాన, తెగిన గట్లు, పలకలు, ఒక్కటీ వదలకుండా చెప్పాను. ఎదురు వరసలో వాళ్లు కూడా తినడం ఆపి విన్నారు. ఆయన చాలా శ్రద్ధగా తలూపుతూ అంతా విన్నారు.

“తప్పకుండా చూద్దాం మేడమ్” అన్నారు చివరికి. “ముందు పెరుగు వేయించుకోండి, వెళ్లిపోతున్నాడు.”