ఇరవై మూడు డబ్బాల ఉస్తాద్

మా ఉస్తాద్ మొన్న మంగళవారం పొద్దున పోయారు. ఉప్పుగూడ రైల్వే స్టేషన్ వెనక ఆయన కార్ల షెడ్డు, దాన్ని ఆనుకొని మా ఇల్లు. అందుకని వార్త మాకు ఫోన్లో కాదు, గోడ దాటి వచ్చింది. గుండె ఆగిందన్నారు. దశాబ్దాల తరబడి ఒక్క రోజు కూడా సర్వీసింగుకు ఇవ్వని గుండె అది. నెల కిందట డాక్టరు నూనె తగ్గించమంటే "ఏ గ్రేడు సార్?" అని అడిగి వచ్చిన మనిషి. ఆయన గురించి ఏడుస్తూ రాస్తే ఆయనే ఒప్పుకోరు. కాబట్టి ఆయన పరువును నేను ఒక్క పూటలో ఎలా తీయబోయానో సవినయంగా మనవి చేసుకుంటాను.

షెడ్డులోకి కారు రాగానే ఉస్తాద్ బానెట్ ఎత్తేవారు కాదు. ముందు డ్రైవరుకు చాయ్ చెప్పేవారు. "మనిషి సల్లవడేలోపు బండి గూడ సల్లవడ్తది" అనేవారు. భుజం మీద ఒక గుడ్డ ఉండేది. ఇంజనులో నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ తుడిచేదీ దానితోనే, ముఖం తుడుచుకునేదీ దానితోనే. మధ్యాహ్నం అన్నానికి వెళ్తే ఆయన భార్య, మా ఉస్తాదమ్మ, గుమ్మంలోనే ఆపి, "అది ముఖమా, సైలెన్సరా? కడుక్కొని రా!" అని గదిమేది. పాతబస్తీ డ్రైవర్లందరూ భయపడే మనిషి బుద్ధిగా పంపు దగ్గరికి నడిచేవారు.

ఇక ఆయన షెల్ఫు. కారుకో స్కూటరుకో నూనె పోసినప్పుడు డబ్బాలో ఎంతో కొంత మిగులుతుంది. దాన్ని ఇంటికి పంపితే కుట్టుమిషన్‌కో తలుపు బందులకో పోసేస్తారని ఆయన తనే దాచేవారు. ప్రతి డబ్బా మీదా తెల్ల పెయింటుతో బొమ్మ వేసేవారు. పాల వ్యాపారి డబ్బాకు బర్రె తల, ధూల్‌పేట్ వినాయక విగ్రహాలాయన డబ్బాకు తొండం, ఆఫీసు గుమస్తా డబ్బాకు పెన్ను. అన్నీ కలిపి ఇరవై మూడు. "ఎవరి నూనె వాళ్లదే. మన దగ్గర పెట్టి పోయిండ్రంటే మనల్ని నమ్మి పెట్టిండ్రు" అనేవారు.

ఈ పవిత్ర స్థలంలోకి నేను ఇంటర్న్‌షిప్ నిమిత్తం ప్రవేశించాను. అప్పుడు బీటెక్ మెకానికల్ రెండో సంవత్సరం. అంటే ఇంజను గురించి నాకు తెలియనిది లేదు, ముట్టుకున్నది మాత్రం లేదు. ఉస్తాద్ నన్ను "ఇంజనీర్ సాబ్" అని పిలిచేవారు. అందులోని వెటకారం నాకు అర్థం కావడానికి రెండు వారాలు పట్టింది.

ఒకరోజు పొద్దున్నే ఆయన సామాన్ల కోసం అఫ్జల్‌గంజ్ వెళ్లారు. నేను షెల్ఫు వైపు చూశాను. ఇంత జాగా వృథా! వెంటనే ఒక పెద్ద క్యాను కడిగి, ఇరవై మూడు డబ్బాల్లోని నూనెనూ అందులోకి వంచేశాను. ఖాళీ డబ్బాలు పాత సామాన్లు కొనే కబాడీ ఆయనకు ఇచ్చేశాను. నా కార్యదక్షతకు నేనే మురిసిపోతుండగా మా గల్లీ డ్రైవరన్న కారు ఆపాడు. మలక్‌పేటలో సవారీని ఎక్కించుకుని శ్రీశైలం పోవాలట.

"తమ్మీ, నూనె జర తక్కువున్నది. నా డబ్బాలది పొయ్యి."

"అన్నీ ఒకటే అన్నా, ఇంజన్ నూనెనే గదా" అని లీటరు పోసి, శుభయాత్ర కూడా చెప్పాను.

పావుగంటకు ఉస్తాద్ వచ్చారు. ఖాళీ షెల్ఫు చూశారు.

"ఏం జేసినవ్ బిడ్డా?"

ఇంజనీర్ సాబ్ పోయి బిడ్డా వచ్చేసరికి పెద్ద క్యానును నా వెనక్కి జరిపాను. "జాగ కలిసొస్తదని అన్నీ ఒక్కదాంట్ల పోసిన ఉస్తాద్."

"కింది వరుసవి గూడనా? అవి గేర్ నూనెలు. ఆ పక్కవి పాత స్కూటర్లకు పెట్రోల్ల కలిపేటివి. అవసరం వడితె ఒక ఇంజన్ నూనెల ఇంకోటి అర లీటరు పోస్కొని ఇంటికొస్తం. దానికి బండి చావదు. ఇది అట్ల గాదు." గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. "ఎవరికన్న పోసినవా?"

చెప్పాను. ఆయన ముఖం అప్పుడు మారింది. ఆ డ్రైవరన్న ఇల్లు మొత్తం ఆ కారు మీదే నడుస్తుంది. అంతకు ముందు ఏడాదే ఇంజను పోయి రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ఉస్తాద్ ఫోన్ తీశారు. "అన్నా, ఏడున్నవ్? మలక్‌పేటలనేనా? ఇంజన్ బంద్ జెయ్యి. చావి తీసి జేబులేస్కో. నేనొస్తున్న."

ఆయన స్కూటరు మీద బయల్దేరాం. నా ఒళ్లో కొత్త నూనె డబ్బా, జేబులో ఫిల్టరు, నెత్తిన బోర్లించిన బేసిన్. సైదాబాద్ సిగ్నల్ దగ్గర పిల్లలు నన్ను చూసి నవ్వారు. నవ్వదగ్గ దృశ్యమేనని ఒప్పుకుంటున్నాను.

కారు రేసుకోర్సు గోడ నీడన ఉంది. లోపల ఒక ముసలమ్మ, ఆమె కూతురు, అల్లుడు, ముసలమ్మ ఒళ్లో పులిహోర గిన్నె.

"ఏమైంది ఉస్తాద్? బండి మంచిగనే ఉన్నది గద!"

"నీ ఇంజన్ల తప్పు నూనె వడ్డదన్నా. నా షెడ్ల వడ్డది. తీసేసి కొత్తది పోస్త."

"ఎవడు పోసిండు?"

"షెడ్ నాదైనంక ఎవడైతేంది?"

ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. చూసి ఉంటే బతికిపోయేవాణ్ణి. "నేనే అన్నా" అన్నాను.

"అన్నీ ఒకటే అన్నవ్ గదరా! మల్ల ఇంజన్ పోతే నా పోరగాండ్లకు నీ పుస్తకాలు వండి పెట్టాల్నా?"

ముసలమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. "గింత దానికి లొల్లి ఎందుకు కొడుకా? ఇంట్ల పల్లినూనె, నువ్వులనూనె కలిపి పోపు పెడ్తలేమా?"

"పోపు రెండు నిమిషాల ముచ్చట అమ్మా. ఇది నిన్ను శ్రీశైలం ఘాట్ రోడ్డెక్కియ్యాలె" అన్నారు ఉస్తాద్. ముసలమ్మ ఆలోచించి, పులిహోర గిన్నెతో సహా కిందికి దిగింది.

పక్కనే ఉన్న పంక్చరు దుకాణంలో జాకీ అడిగాం. అరవై దాటిన మనిషి అట్టముక్క మీద వెల్లకిలా కారు కిందికి జరిగారు. బేసిన్ నేను పట్టుకున్నాను. నూనె నల్లగా, వేడిగా దిగింది. చివరి చుక్క దాకా ఆగారు. ఫిల్టరు మార్చి, కొత్త నూనె పోసి, స్టార్ట్ చేయించి చాలాసేపు విన్నారు.

"ఇప్పుడైతే మంచిగనే ఉన్నది. కానీ పక్కా అని చెప్త లేను. నూనెది ఎర్ర లైటు వెలిగితే ఆడనే ఆపు. శ్రీశైలం చేరినంక ఫోన్ జెయ్యి."

తిరుగుదారిలో నన్ను తిడతారని ఎదురుచూశాను. ఆ సుఖం కూడా దక్కలేదు. స్కూటరు నేరుగా పాల వ్యాపారి గేటు ముందు ఆగింది. "మీ సగం డబ్బా పోయింది. తప్పు నాది. కొత్తది పెడ్త" అన్నారు ఉస్తాద్. "దానికి ఇంత దూరమొచ్చినవా? నేనే మర్శిపోయిన!" అని ఆయన నవ్వాడు. రెండో ఇంట్లోనూ ఉస్తాదే చెప్పారు. మూడో ఇంటి ముందు మాత్రం స్కూటరు దిగకుండా, "నేను చాయ్ దాగొస్త. నువ్వు చెప్పు" అన్నారు. మిగతా ఇళ్లన్నిట్లోనూ నేనే చెప్పాను. వారం పట్టింది. ఇప్పుడు ఉద్యోగంలో ఏదైనా చెడగొడితే మెయిల్లో 'పొరపాటు జరిగింది' అని రాసి, కొట్టేసి, 'పొరపాటు చేశాను' అని దిద్దుతాను. మా మేనేజరు నన్ను మహా నిజాయితీపరుడు అనుకుంటున్నాడు. ఆ మూడో ఇంటి సంగతి ఆయనకు తెలియదు.

డ్రైవరన్న శ్రీశైలం బయల్దేరిన ఆ రోజు సాయంత్రం షెడ్డులో ఎవరూ పని చేయలేదు. ఉస్తాద్ మాత్రం ఏమీ పట్టనట్టు ఒకే స్పానర్‌ను నాలుగుసార్లు తుడిచారు. ఉస్తాదమ్మ చాయ్ తెచ్చి అక్కడే నిలబడింది. ఐదున్నరకు ఫోన్ మోగింది.

డ్రైవరన్న హలో అనేలోపే ఉస్తాద్, "ముచ్చట తర్వాత. బానెట్ లేపి ఫోన్ ఆడ వెట్టు" అన్నారు. అదే సమయానికి స్టేషన్లోంచి లోకల్ రైలు కదిలింది. ఆయన చెయ్యెత్తి మమ్మల్నందర్నీ ఊరుకోమన్నారు, రైలును కూడా. ఒక చెవికి ఫోన్ ఆనించి, రెండో చెవిలో వేలు పెట్టుకుని, కళ్లు మూసుకున్నారు. నేను ఆ ముఖమే చూస్తున్నాను. రైలు పోయింది. చాయ్ మీద మీగడ కట్టింది. అంత దూరాన కొండ మీద ఆగకుండా ఆడుతున్న ఇంజను లయకు, ఉస్తాద్ తల మెల్లమెల్లగా ఊగడం మొదలైంది.