మేనత్తల లెక్క

మొన్న బుధవారం ఉదయం పదింపావుకు, టీకా వేయడానికి నర్సు నా చేతికి స్పిరిట్ దూది రాయగానే డాక్టర్ సుశీల గారి గది గుర్తొచ్చింది. నూజివీడులో ముప్పై ఏళ్లకు పైగా వైద్యం చేసిన మనిషి. మందు రాసే ముందు ఇంటి సంగతులన్నీ అడిగేవారు. చెబుతున్నవాళ్లు తడబడినా తొందరపెట్టేవారు కాదు.

ఆరేళ్ల క్రితం మా చెల్లెలు విమలకు రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పుడు ఆవిడ దగ్గరికే తీసుకెళ్లాను. మీ ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అని అడిగారు.

"లేదండీ. మా అమ్మ ఎనభై రెండేళ్లు బతికింది. అమ్మమ్మకూ ఏమీ లేదు."

"నాన్నగారి వైపు?"

"నాన్నకు రొమ్ము జబ్బేంటండీ!" అని విమల అంత నీరసంలోనూ నవ్వింది.

"ఆయనకు అక్కచెల్లెళ్లు లేరా?"

"ఇద్దరండీ. కానీ వాళ్లు జి. కొండూరు వాళ్లు," అన్నాను.

ఇంట్లో పోయినవాళ్ల తిథులన్నీ నాకు కంఠతా వచ్చు. మేనత్తలవి రావు. పెళ్లై వెళ్లిన ఆడపిల్ల పోతే పుట్టింట్లో మైల మూడు రోజులే. ఆ తర్వాత ఆ చావు అత్తింటి లెక్క. ఆవిడతోనూ అదే అన్నాను.

"మైల మీ ఇష్టం వచ్చినన్ని రోజులు పట్టండి. రక్తం మీ ఇంటిదే కదమ్మా! ఎలా పోయారు?"

పెద్దత్తకు రొమ్ములో గడ్డ. చిన్నత్తకు పొట్ట ఉబ్బి, నెలల్లోనే పోయింది. అది అండాశయం జబ్బు కావచ్చన్నారు. ఇలాంటిది తండ్రి నుంచీ కూతుళ్లకు వస్తుందని ఆ రోజే మొదటిసారి విన్నాను. ముందు జబ్బున్న మనిషి రక్తంలో వెతికితేనే మిగతావాళ్లలో ఏం చూడాలో తెలుస్తుందని విమలకు జన్యు పరీక్ష చేయించారు. జన్యువులో మార్పు దొరికింది. తర్వాత నాకు చేస్తే లేదు. విమల కూతురు స్వాతికి ఉంది. దానికప్పుడు ఇరవై ఆరేళ్లు.

"అంటే నాకూ వచ్చేసినట్టేనా డాక్టర్‌గారూ?" అంది స్వాతి.

ఆవిడ నా వైపు తిరిగారు. "మీ రెడ్డిగూడెం మామిడితోటలో చెట్టు చూపిస్తే రకం చెబుతారా?"

"ఆకు నలిపి వాసన చూసి చెబుతానండీ."

"ఈ ఏడు ఎన్ని కాయలు దిగుతాయో?"

"ఎవరు చెబుతారండీ? మంచు పడితే పూతే నిలవదు."

"విన్నావా స్వాతీ? ఈ పరీక్షా అంతే. నీకు ముప్పు మిగతావాళ్ల కంటే బాగా ఎక్కువని చెప్పింది. వస్తుందో రాదో, వస్తే ఎప్పుడో చెప్పలేదు. అందుకే ఏటా చూపించుకోవాలి. ఇంకేం చేయొచ్చో తీరిగ్గా మాట్లాడుకుందాం. ఇవాళ మాత్రం నీకు జబ్బు లేదు."

నేనింక పరీక్షలు మానేయొచ్చా అని అడిగాను.

"ఆశ! ఆ ఒక్క మార్పు లేదంది గానీ, క్యాన్సర్ రాదని మీకెవరూ రాసివ్వలేదు."

విమల ఆ మరుసటి వేసవిలో, కాయ కోతల మధ్య పోయింది. స్వాతి ఏటా విజయవాడ వెళ్లి చూపించుకుంటోంది. ఇంతవరకు ఏమీ లేదు. సుశీల గారు నిరుడు గుండెజబ్బుతో పోయారు. ఇప్పుడు బంధువుల్లో ఎవరికి బాగా లేదన్నా, మీ మేనత్తలు ఎలా పోయారని నేను అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. అయినా అడుగుతాను.

ఈ జబ్బుతో మా ఇంట్లో పోయినవాళ్లు ముగ్గురు. పెద్దత్త, చిన్నత్త, విమల.