మా మేకపోతుకు ఐబు

మాది ఆదోనిలో దూది ఏకే ఇల్లు. మేం సాయిబులమే అయినా ఇంట్లో మాట తెలుగే. కర్నూలు రాజధాని అయిందని పెద్దలు గొప్పగా చెప్పుకునే రోజులవి. రాజధాని వచ్చినందుకు మా వీధిలో ఏం మారిందో నాకు కనిపించలేదు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో.

మేకపిల్లను అమ్మ తన పుట్టిల్లు ఎమ్మిగనూరు నుంచి కొంగులో చుట్టుకుని బస్సులో తెచ్చింది. తల్లిమేక ఈని చచ్చిపోయిందట. పాలలో దూది వత్తి ముంచి నోటికందిస్తే చప్పరించేది. మా ఇంట్లో దూదికి కరువా! అది పాలకన్నా దూదే ఎక్కువ తిని బతికిందని జేజి, అంటే నాయన వాళ్లమ్మ, ఎగతాళి చేసేది. మగపిల్ల. నేను బావికి పోతే బావికి, బడికి పోతే బడి గుమ్మం దాకా వచ్చేది. ఏకిన దూది కుప్పలో పొర్లి, కొమ్ములకింత తగిలించుకుని బయటికొచ్చేది. నాయన తరిమితే నా వెనక నక్కేది.

అది పోతవుతుండగా తంటా మొదలైంది. తన గడ్డం మీద తనే ఉచ్చ పోసుకునేది. కుట్టి పెట్టిన పరుపుల మీదికి ఎగబడేది. కంపు కొట్టే పరుపు ఎవరు కొంటారు? "దీనికి విత్తుకొట్టించు. ల్యాకుంటే ఈ ఇంట్లో అదన్నా ఉండాల, నేనన్నా ఉండాల" అని అమ్మ నాయనతో పంతం పట్టింది. మగ పశువు పోతుతనం తీసేయడాన్ని మా వైపు విత్తుకొట్టడం అంటారు. సాయిబులం ఖస్సీ చేయించడం అంటాం. ఎట్లా అన్నా నేను నాయన కాళ్లు పట్టుకుని ఏడ్చేదాన్ని. నా ఏడుపు చూడలేక ఆయన రేపు, ఎల్లుండి అని జరిపేవాడు.

ఒక పొద్దున నాయన అమ్మతో అన్నాడు: "బక్రీదుకు ఈ తూరి బైట కొనే పని ల్యా. అప్పటికి మన పోతుకు ఏడాది నిండుతాది."

నేను పక్కనే గిన్నెలు తోముతున్నాను. ఆయన గొంతు తగ్గించలేదు. నాకు ముందే తెలుసనుకున్నట్టున్నాడు. నాకు తెలియదు. చేతిలో గిన్నె విసిరేశాను. కోపం ఎవరి మీదో నాకే తేలలేదు. నాయన మీదా? ఆయన నాకు ప్రాణం. పండగ మీదా? ఆ పండగకు కొత్త గౌను కుట్టిస్తారు, అదీ ఇష్టమే.

తిన్నగా అడిగితే పని కాదని జేజి పక్కన చేరాను.

"జేజీ, కురుబానీకి ఎట్లాంటిది పనికిరాదు?"

"కుంటిది పనికిరాదు. గుడ్డిది పనికిరాదు. చెవి తెగింది, కొమ్ము మొదలుకంటా ఇరిగింది పనికిరాదు. దేవునికిచ్చేదానికి ఏ ఐబూ ఉండగూడదు మ్మే."

లోపం ఉంటే బతుకుతుందన్నమాట. పెరట్లో రాయి తీసుకుని కొమ్ము మీదికి ఎత్తాను. అది ఆటనుకుని ఆ రాయినే కుమ్మింది. నాకు చేతులు రాలేదు.

శివరాత్రి దాటాక ఆలూరు వైపు నుంచి గొర్రెలు కాసుకునే ఒకాయన విత్తుకొట్టడానికి మా వీధికి వచ్చాడు. పక్కింట్లో పత్తి తీసే కూలికి పోయే అవ్వ ఉండేది. ఆమెకూ ఒక పోతు ఉంది. ఆయన దాని వైపు చూడగానే అవ్వ అడ్డం నిలబడింది.

"నా పోతు జోలికి రావద్దప్పా. సుంకులమ్మకు మొక్కినాను. విత్తుకొట్టింది అమ్మకు చెల్లదు. అంగం చెడిందాన్ని దేవత ముందర ఎట్ల నిలబెడ్దును?"

నేను గోడ ఇవతల విన్నాను. దేవునికి ఐబున్నది పనికిరాదు. విత్తుకొట్టడం ఐబే. ఇంత సులువైన సంగతి చేతిలో పెట్టుకుని నేనెందుకు రాయెత్తానో! ఒక్క పరుగున ఇంట్లోకి పోయాను.

"నాయనా, ఆయప్పను పిలువు. మన దానికీ చేయించు."

అమ్మ చేతిలో చాట ఆగిపోయింది. నాయన నా ముఖంలోకి చూసి, ఆయనను పిలవడానికి లేచాడు. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే అంతా చెప్పేసేదాన్ని.

"తలకాయ ఎవురన్నా పట్టుకోవాల. దానికి మాలిమైన మనిషైతే మేలు" అన్నాడు ఆలూరాయన. నేనే పట్టుకున్నాను. కాళ్లు కట్టి పడుకోబెట్టి, రెండు కర్రల మధ్య నరాలు ఇరికించి నొక్కాడు. అది మనిషి అరిచినట్టు అరిచింది. నాలుక బయటికొచ్చింది. "అయిపోయింది, అయిపోయింది" అని దాని చెవిలో అంటూనే ఉన్నాను, అప్పటికింకా కాలేదు. తర్వాత ఆముదంలో పసుపు కలిపి రాశాడు. కట్లు విప్పితే కాళ్లు ఎడంగా పెట్టుకుని గోడవైపు తిరిగి నిలబడింది. పిలిస్తే రాలేదు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. కడుపులో మాత్రం పండగలా ఉంది. ఏడుపూ సంతోషమూ ఒకే మనిషిలో ఒకేసారి ఎట్లా ఇముడుతాయో నాకు అంతుబట్టలేదు.

అది కోలుకుంది, మళ్లీ నా వెంట తిరిగింది. కంపు పోయింది, ఒళ్లు చేసింది, వెంట్రుక నిగనిగలాడింది. ఎండాకాలమంతా నేను నిశ్చింతగా నిద్రపోయాను. తొలి వానలు పడ్డాక బక్రీదు దగ్గరికొచ్చింది. నాయన దాన్ని కడిగి నుదుటికి గోరింటాకు పెడుతుంటే నేనే రుబ్బి ఇచ్చాను. ఐబున్న మేకకు ఈ ముస్తాబంతా ఎందుకని లోపల నవ్వుకున్నాను కూడా.

పండగ ముందురోజు ముల్లాసాబు చూడటానికి వచ్చాడు. పెదవి ఎత్తి పళ్లు చూశాడు. చెవులు, కొమ్ములు తడిమాడు. వెనక కాళ్ల మధ్య చెయ్యి పెట్టాడు. ఇప్పుడు చెబుతాడు, పనికిరాదని ఇప్పుడే చెబుతాడు అని ఆయన నోటివైపే చూశాను.

"ఖస్సీనా? శానా మంచి పని చేసినావప్పా. ఖస్సీ ఐబు కాదు, ఇంకా మేలు. కండ బాగుంటాది."

నాయన నన్ను ముందుకు లాగాడు. "నేను కాదు సాబ్. ఈ పాపే చేయించమనింది. పానంగా సాకినదాన్ని ఇస్తేనే గదా కురుబానీ. పసిదానికి ఆ తెలివి యాడ నుంచి వచ్చిందో." ముల్లాసాబు నా తల మీద చెయ్యి పెట్టి దువా చేశాడు. జేజి మెటికలు విరిచింది.

"అందుకు కాదు నాయనా" అన్నాను. ఏడుపు అడ్డం పడి తర్వాతి మాట రాలేదు.

"తెల్సు తల్లీ, నాకు తెల్సు" అని ఆయన నా కళ్లు తుడిచాడు. ఏం తెలుసో నాకు తెలియలేదు.

పక్కింటికి పరుగెత్తి అవ్వ మీద విరుచుకుపడ్డాను. "విత్తుకొట్టింది దేవునికి చెల్లదని నువ్వే గదా అన్నావు!"

సంగతి అర్థమై అవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో పాపా, అది మా అమ్మ లెక్క. మీ దేవుని లెక్క నాకేం తెల్సు?"

"మరి ఏ లెక్కకూ అందని పోతు యాడుంటాది అవ్వా?"

"యాడా ఉండదు. ఆడమేకై పుట్టాల" అంది.

తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందంటారు. మా వీధిలో దైవాలు ఇద్దరు. ఒకరి మాట పట్టుకుపోయి ఇంకొకరి వాకిట్లో పడ్డాను. ఎవరిని నిలదీయాలో కూడా తెలియలేదు. ఇద్దరూ అబద్ధం ఆడలేదు మరి.

మర్నాడు నమాజు నుంచి మగవాళ్లు తిరిగొచ్చే వేళకు పరుపుల గదిలో దూరి తలుపేసుకున్నాను. ఎవరూ పిలవలేదు. నాయనే వద్దన్నాడట.

మధ్యాహ్నం ఆయనే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. అందరికన్నా ముందు నా పళ్లెంలో వడ్డించి "మొదటి ముద్ద నీదే పాపా" అన్నాడు. ఇంటిల్లిపాదీ నా వైపే చూస్తున్నారు. తినకపోతే నాయన ముఖం ఏమవుతుందోనని నోట్లో పెట్టుకున్నాను. కక్కేస్తాననుకున్నాను. కూర మెత్తగా ఉంది. చాలా బాగుంది. పళ్లెం ఖాళీ చేసి, ఇంకొంచెం వేయమని అడిగాను.