గాలి లేని పగలు లేచిన రెక్క

"బయట గాలున్నదా?"

"లేదు. ఆకు కదుల్తలేదు. పండుకో."

"గాలి లేకుంట ఏదన్న కదిలితె నాకు చెప్పు."

"చెప్త తియ్యి."

ఇవే మా ఇద్దరి ఆఖరి మాటలు. మక్తల్ దవాఖానలో, జ్వరం పట్టిన మూడో రోజు. నేను చెంబుతో నీళ్ళు తెచ్చేసరికి ఆయన లేడు. అవి జ్వరం మాటలని నర్సు అన్నది. ఆయన ఎందుకు అడిగాడో నాకు తెలుసు.

రాయి, సుగుణా. నువ్వు ఆయన అన్న కూతురివి, బడి పంతులమ్మవి. నాకు వచ్చింది సంతకం ఒక్కటే. ఆయన పేరు నా నోటితో చెప్పను, మా ఆయన అని రాయి. విమానం ఎక్కడానికి భయపడి చక్రానికి అడ్డం నిలబడ్డాడని, అందుకే మిలిటరీ వాళ్ళు వెళ్ళగొట్టారని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. ఆయన అడ్డం నిలబడ్డ మాట నిజం. ఎందుకు నిలబడ్డాడో ఎవరూ అడగలేదు. నేను అక్కడ ఉన్నాను.

చైనా యుద్ధం అయిన మరుసటి ఎండాకాలం. ఆయన వాయుసేనలో కార్పొరల్. చేతి మీద రెండు ఫీతలు. విమానం రెక్కలు, తోక, వాటిని కదిలించే ఉక్కు తీగలు ఆయన పని. పదేళ్ళు ఉత్తరాదిన చేశాడు. ఏడాదికి ఒక నెల సెలవు. ఆ ఏడు డ్యూటీయే మా ఊరికి రెండు మైళ్ళ దూరానికి వచ్చింది.

కృష్ణకు ఇవతల, గుట్టల నడుమ, తెల్లదొరల యుద్ధం నాడు వేసిన రన్‌వే ఒకటి ఉండేది. పగుళ్ళలో పల్లేరు మొలిచింది. మా గొర్రెలు దాని మీదుగానే మేతకు పోయేవి. దాని మీద ఒక పెద్ద జెట్ విమానం దిగింది. నూరు మంది పట్టే ప్రయాణికుల విమానం, జవాన్లను మోయడానికి సర్కారు తీసుకున్నది. ఆ రోజు ఖాళీగా పోతోంది. రెక్కలకు పోయే తీగ పోగులు తెగి గిలకలో ఇరుక్కుంటే, పైలట్లు కనబడ్డ చోట దించారు. వాళ్ళు జీపులో హైదరాబాదు పోయారు. విమానం మరమ్మతు పుస్తకం కూడా వాళ్ళతోనే పోయింది. ఇది గుర్తుపెట్టుకో.

దాన్ని బాగుచేసి పంపడానికి ఐదుగురు వచ్చారు. సార్జెంటు, మా ఆయన, ఇంకో ఫిట్టరు, రేడియో మనిషి, వంటవాడు. రెండు గుడ్డ డేరాలు. నీళ్ళ పీపాలు నాలుగు. చుట్టూ తుమ్మకంప కంచె. విమానం ముక్కు తూర్పుకు. ఎడమ రెక్క ఉత్తరానికి, మా ఊరి దిక్కుకు. పొద్దున ఐదుకు విజిల్. పదకొండు దాకా పని. మళ్ళీ నాలుగు నుంచి ఆరున్నర. నడుమ ఎవరూ విమానం ముట్టేవారు కాదు. ఇనుము కాలి చేతుల తోలు ఊడివచ్చేది.

నేను పదకొండుకు జొన్నరొట్టెలు, ఉల్లికారం, మజ్జిగ తీసుకుని పోయేదాన్ని. వంటవాడు నార్కట్‌పల్లి దిక్కువాడు, మన మాటే.

"వదినా, నా చపాతీల ఏం తక్కువైందట నీ మొగనికి?"

"ఉప్పు తక్కువైందట. మీ సార్జెంటుకు ఎక్కువైందట."

"అయితె ఇద్దర్ని కలిపి కూసోబెడ్త. సరిపోతది."

అంత నవ్వు ఉండేది మొదట్లో. కానీ ఆ విమానం దగ్గర నాకు మొదటి రోజు నుంచీ మనసు నిలిచేది కాదు. ఎండెక్కుతుంటే లోపల ఎవరో నడిచినట్టు టక్కు టక్కు అని చప్పుడయ్యేది. ఇనుము సాగుతుందని మా ఆయన చెప్పాడు. పక్షి ఒక్కటి కూడా దాని మీద వాలేది కాదు. మా కుక్క కంచె దాకా వచ్చి కూర్చునేది. దాటేది కాదు.

ఒకరోజు అడిగాను. ఇంత కొండను ఇద్దరు మనుషులు ఎట్లా తిప్పుతారని.

"తిప్పరు," అన్నాడు. "గాలితోనే తిప్పిస్తరు. రెక్క అంచుకు పెద్ద పలక ఉన్నది చూడు. దాని కొసకు బెత్తెడు పట్టీ ఉన్నది. లోపట స్టీరింగు తిప్పితె తీగ పోయి గా పట్టీని ఒక్కదాన్నే కదుపుతది. పలక జోలికి పోదు."

"మరి పలక?"

"మీద ఆకాశంల గాలి తుపాను లెక్క కొడుతుంటది గద. పట్టీ కిందికి వంగితె గాలి దాన్ని మీదికి నెడ్తది. దాంతో పలక లేస్తది. పలక లేచిన రెక్క కిందికి వాల్తది. విమానం అటు మళ్తది."

"అంటే పట్టీ ఒక దిక్కు, పలక ఒక దిక్కు."

"ఆఁ. ఉల్టా."

"పొట్టేలు చెవి పట్టి తిప్పితె మంద మళ్ళినట్టు."

నవ్వాడు. "గిది మా సార్జెంటుకు చెప్పు. ఆయనకు ఇంకా సమజ్ కాలే."

కింద నిలబడి ఉన్నప్పుడు గాలి దెబ్బ ఉండదు. అందుకని స్టీరింగు తిప్పితే పట్టీ మాత్రమే కదులుతుంది, పలక లేవదు. పైగా రాత్రిపగలు పలకలకు చెక్క బిగింపులు వేసి ఉంచేవారు. ఈదురుగాలికి కొట్టుకుని విరగకుండా. ఒక్కో బిగింపుకు మూరెడు ఎర్రగుడ్డ వేలాడేది, తీయడం మరిచిపోకుండా.

ముప్పై రెండో రోజు కొత్త తీగలు వేయడం అయిపోయింది. పొద్దు గూకే ముందు పరీక్ష. సార్జెంటు లోపల స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. మా ఆయన ఎడమ రెక్క కింద. రెండో ఫిట్టరు కుడి రెక్క కింద. నేను కంచె దగ్గర ఖాళీ గిన్నె కోసం నిలబడి ఉన్నాను.

"ఎడమకు!" అని సార్జెంటు అరిచాడు.

"ఎడమ పట్టీ మీదికి! ఠీక్ హై!" అన్నాడు మా ఆయన.

"కుడి పట్టీ కిందికి! ఠీక్ హై!" అన్నాడు రెండోవాడు.

పీపా మీద కాగితం పెట్టి మా ఆయన సంతకం చేశాడు. దాని కింద సార్జెంటు. రేడియో మనిషి హైదరాబాదుకు చెప్పాడు, సిద్ధమని. ఎల్లుండి పొద్దున ఆరుకు పైలట్లు వస్తారని జవాబు వచ్చింది. వంటవాడు బెల్లం పాయసం చేశాడు.

మరుసటి రోజు పగలు. పన్నెండు దాటింది. నలుగురు డేరాల్లో పడుకున్నారు. మా ఆయన డేరా నీడలో తింటున్నాడు. నేను కంచె ఇవతల తుమ్మ కింద కూర్చున్నాను. గొర్రెలు తలలు ఒకదాని కడుపు కింద ఒకటి పెట్టి నిలబడ్డాయి. గాలి లేదు. నా కొంగు కూడా కదలలేదు. విమానం టక్కుటక్కు కూడా ఆగిపోయింది. నేను తల ఎత్తింది అందుకే.

ఎడమ రెక్క కొసన పట్టీ కిందికి వంగింది. మెల్లగా. ఆ తర్వాత పలక మీదికి లేచింది. నాలుగు గొర్రెలు పట్టేంత వెడల్పు పలక. లేచి, ఆగి, దిగింది. మళ్ళీ. మళ్ళీ. మూడుసార్లు. బిగింపు బిగింపులాగే ఉంది. ఎర్రగుడ్డ నిటారుగా వేలాడుతూనే ఉంది. చప్పుడు ఇంత కూడా లేదు.

నేను మా ఆయన దగ్గరికి పోయాను.

"లోపట ఎవలున్నరు?"

"ఎవ్వలు లేరు. గీ ఎండల ఎవడు పోతడు? ఎందుకు?"

"రెక్క కదిలింది."

"గాలికి."

"ఏడ గాలి? జర చూపియ్యి నాకు."

"పిచ్చిదానా, బిగింపు వేసి ఉన్నది. పది మంది పట్టి లేపినా లేవదు."

"లేచింది. చిన్నది కిందికి వంగింది, అటెన్క పెద్దది మీదికి లేచింది. మూడు మాట్ల."

రొట్టె ముక్క నోటి దగ్గర ఆగిపోయింది. "చిన్నది ఎటు?"

"కిందికి."

"మల్ల చెప్పు."

"కిందికి అంటిని గద! చెవులు తిన్నవా రొట్టెతోని?"

ఆయన లేచి పోయాడు. బిగింపు పట్టి గుంజాడు. కదలలేదు. పట్టీ కింద నిలబడి చాలాసేపు తల ఎత్తి చూశాడు. తిరిగి వచ్చేసరికి ముఖం బూడిద రంగులో ఉంది.

"నిన్న నేను మీదికి అన్న," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. వీళ్ళు ముగ్గురూ ఫంకాలు తిరిగే పాత విమానాల మీద పని నేర్చినవాళ్ళు. వాటికి ఈ పట్టీలు లేవు. స్టీరింగు ఎడమకు తిప్పితే ఎడమ పలకే నేరుగా మీదికి లేచేది. పదేళ్ళుగా కళ్ళు ఆ 'మీదికి' కోసమే చూశాయి. నిన్న పట్టీ మీదికి లేవగానే నోరు ఠీక్ హై అన్నది. దీని మీద అది కిందికి పోవాలి. నాకు నోటితో చెప్పినవాడే, కంటితో చూసినప్పుడు మరిచాడు. విమానం లోపలి నేల కింద రెండు తీగల కొసలు ఒకదాని చోట ఒకటి పడ్డాయి. ఆ విమానం లేస్తే, పైలట్ ఎడమకు తిప్పిన కొద్దీ కుడికి వాలుతుంది. సరిచేద్దామని ఇంకా తిప్పితే ఇంకా వాలుతుంది. ఎక్కేది ఆరుగురు. ఇద్దరు పైలట్లు, వీళ్ళు నలుగురు. వంటవాడు సామానుతో జీపులో పోవాలి.

"నిజంగ చూసినవా?" అని అడిగాడు. "పుస్తకం ఈడ లేదు. నాకు శంక వచ్చింది గని, పట్టీ ఎటు పోవాల్నో ముగ్గురం ఒక మాట అన్నం, ఇప్పుడు నేనొక్కన్ని ఇంకో మాట అనాలె. సంతకం పెట్టి తప్పంటె నా ఫీతలు పోతయి. నౌకరి పోతది. నువ్వు చూసినవా?"

సుగుణా, ఇది సరిగ్గా రాయి. ఎండకు అట్లా అనిపించిందేమో అని నేను ఒక్క మాట అంటే ఆయన ఆగిపోయేవాడు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో మేము కలిసి ఉన్నది తొమ్మిది నెలలు. వచ్చే ఏడు క్వార్టరు ఇస్తామన్నారు. నేను పోయి ఆయనతో ఉండేదాన్ని. ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది కూడా.

"చూసిన," అన్నాను.

నాలుగు గంటలకు సార్జెంటుకు చెప్పాడు. సార్జెంటు మంచివాడే. హిందీలో అన్నది నాకు అర్థమైనంత చెబుతున్నా. ముగ్గురం చూశాం కదా అన్నాడు. లోపలి నేల రేకులు విప్పితే రేపటికి కాదు, రేడియోలో మాట ఇచ్చాను అన్నాడు. నీకు ఎవరు చెప్పారన్నాడు. మా ఆయన నా సంగతి ఎత్తలేదు.

"నాకే శంక వచ్చింది సార్."

"నీకు ఎండదెబ్బ తగిలింది. పోయి పడుకో."

పొద్దున ఆరూ పదికి పైలట్లు వచ్చారు. నేను అప్పటికే కంచె దగ్గర ఉన్నాను. బిగింపులు తీయమని సార్జెంటు చెప్పాడు. మా ఆయన తీయలేదు. పోయి ముందు చక్రానికి ఆనుకుని నిలబడ్డాడు. రెండో ఫిట్టరు చెయ్యి పట్టి లాగాడు. రాలేదు. వంటవాడు చూసింది ఇంతే. అప్పుడే సామాను జీపు కదిలితే అందులో మక్తల్ పోయాడు. సంతలో చెప్పిందీ ఇదే.

పెద్ద పైలట్ నడివయసు మనిషి. మొదట అరిచాడు. తర్వాత అడిగాడు.

"ఏం కావాలి నీకు?"

"పుస్తకం తెరిచి పెట్టుకుని ఎడమకు తిప్పండి సార్. ఒక్కసారి."

పైలట్ ఎక్కాడు. కిటికీ లోంచి గొంతు వినబడింది. "పట్టీ ఎటు పోయింది?"

"మీదికి సార్."

కిటికీ దగ్గర పైలట్ పుస్తకం తిప్పుతున్నాడు. నేను నూరు దాకా లెక్కపెట్టగలను. ఒకటిన్నర నూర్లు అయింది. అప్పుడు పైలట్ దిగి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. సార్జెంటు నేల చూశాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్న పగలు."

"ఎట్లా తెలిసింది?"

మా ఆయన కంచె దిక్కు చూడలేదు. "తెలిసింది సార్," అన్నాడు.

విమానం లోపలి నేల విప్పారు. తీగల కొసలు తారుమారయి ఉన్నాయి. రాత్రికి సరిచేశారు. ఈసారి పైలట్ తానే రెక్క కింద నిలబడి చూశాడు. వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది, రెక్కల మీద చెయ్యి వేసినవాడు మొదటి ఎగురుడులో లోపల ఉండాలి. మరునాడు పొద్దున అందరికంటే ముందు నిచ్చెన ఎక్కింది మా ఆయనే. భయపడ్డవాడు ఎక్కుతాడా? ఇది పెద్ద అక్షరాలతో రాయి.

తప్పు సంతకానికి విచారణ జరిగింది. ఒక ఫీత పీకేశారు. నౌకరి గడువు తీరినప్పుడు మళ్ళీ పొడిగించలేదు. వానలు పడ్డాక ఒక పగటిపూట మక్తల్‌లో బస్సు దిగి, ఇనుప పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చాడు. చొక్కా చేతి మీద ఫీత ఊడదీసిన చోట గుడ్డ కొత్తదానిలా ఉంది. చుట్టూ వెలిసిపోయింది. కాళ్ళు కడుక్కుని, గొర్రెలు ఎన్ని ఈనాయని అడిగాడు. అంతే. ఊళ్ళో వాళ్ళ మాటలకు జవాబు చెప్పలేదు. చెబితే నన్ను పిచ్చిదంటారని.

ఒక్క సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా.

విమానం లేచిన పొద్దు. ఏడూ ఇరవై. చప్పుడుకు గొర్రెలు చెదిరిపోయాయి. తూర్పుకు పరుగెత్తి లేచింది. లేచి, ఎడమకు వాలి, మా ఊరి మీదుగా ఉత్తరానికి మళ్ళింది. నేను చెయ్యి ఊపాను. అప్పుడు నేల మీద చూశాను. దాని నీడ దానితో రాలేదు. కుడికి వాలింది. జొన్న చెలకలు దాటి దక్షిణానికి, కృష్ణ దిక్కుకు పోయింది. ఇంకా ఇంకా ఒరిగింది. ఒక రెక్క సన్నని గీత అయింది. నల్లగుట్టకు తగిలింది, అటువైపు రాలేదు. పైన విమానం ఎండలో తెల్లగా, నీడ లేకుండా పోతోంది. అందులో మా ఆయన ఉన్నాడు.

ఆయన ఆ తర్వాత ఆరేళ్ళు నా పక్కన బతికాడు. ఎండలో మంద వెనక నడుస్తుంటే ప్రతిసారీ ముందు ఆయన కాళ్ళ దగ్గర నేల మీద నీడ వెతికేదాన్ని.

చాలు. కలం పెట్టు. ఇప్పుడు మొదటి నుంచి చదువు బిడ్డా, తొందర లేకుండా, నేను వింటా.